గుడ్డి దీపంతో తిరిగే పాత బండి: లైట్లు ఎందుకు మొరాయిస్తాయి?

చీకటి పడ్డాక ఊరి రోడ్డు మీద వచ్చే పాత స్ప్లెండర్‌ని కాసేపు గమనించండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించగానే హెడ్‌లైటు పచ్చబడి కొడిగడుతుంది. ఏక్సిలరేటర్ ఇవ్వగానే తేరుకుంటుంది. నడిపేవాళ్ళకి ఇది అలవాటే. క్లచ్ పట్టి, కాస్త రేజ్ చేసి, ఆ వెలుతురులో గుంత చూసుకుని ముందుకు పోతారు. ఇంతవరకు జబ్బేమీ లేదు, ఆ బండి తయారైందే అలా. కానీ ఒక రోజు ఎంత రేజ్ చేసినా వెలుతురు రాదు. బల్బు మారుస్తారు, రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదటికే వస్తుంది. స్విచ్ మారుస్తారు, రెక్టిఫైయర్ మారుస్తారు, చివరికి వైరింగ్ కిట్టు మొత్తం మార్చేయమని సలహా వస్తుంది. అంత ఖర్చు పెట్టాక కూడా రాత్రి ప్రయాణం అంటే టెన్షన్ తప్పదు.

వెతికే పద్ధతి తలకిందులుగా ఉండటం వల్లే ఇలా జరుగుతుంది. లైటు వెలగకపోతే చూపు ముందు వస్తువు మీదకు పోతుంది. ఏది పాడైంది, ఏది కొనాలి అని ఆలోచిస్తాం. ఇరవై, పాతికేళ్ళు ఎండలో వానలో తిరిగిన బండిలో వస్తువుల కన్నా వాటిని కలిపే జాయింట్లు ముందు చెడతాయి. కరెంటు ఏ దారిన వస్తోంది, ఏ దారిన తిరిగి పోతోంది అని వెతికితే చాలాసార్లు కొనాల్సింది ఏమీ ఉండదు. ఉప్పు కాగితం ముక్క, స్పానర్, అరగంట ఓపిక ఉంటే పని అయిపోతుంది.

ఇక్కడి వివరాలు 1994లో మార్కెట్లోకి వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ పాత మోడళ్ళను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. పాల క్యాన్లు మోస్తూ, పొలం గట్ల మీద తిరుగుతూ అవి ఇప్పటికీ కనిపిస్తాయి. పాత బుల్లెట్‌లోనో, యెజ్డీలోనో, బజాజ్ స్కూటర్‌లోనో వైర్ల రంగులు వేరుగా ఉండొచ్చు, కొన్నింటిలో 12 వోల్టుల బదులు 6 వోల్టులే ఉండొచ్చు. వెతికే పద్ధతి మాత్రం ఒకటే.

ఒకే బండిలో రెండు కరెంట్లు

ఇంజన్ ఎడమ వైపు కవరు లోపల ఒక అయస్కాంతం తిరుగుతూ ఉంటుంది. దాని మధ్యలో కదలకుండా కాయిల్ ప్లేటు ఉంటుంది. ఆ కాయిల్‌లో పుట్టే కరెంటు రెండు దారుల్లో బయటికి వస్తుంది. ఒక దారిలో ఏసీగానే (దిశ మారుతూ ఉండే కరెంటు) హెడ్‌లైటుకు, టెయిల్ లైటుకు, మీటరు లైటుకు పోతుంది. రెండో దారిలో రెక్టిఫైయర్ దాన్ని డీసీగా (ఒకే దిశలో పోయే కరెంటు) మార్చి బ్యాటరీకి పంపుతుంది. ఇండికేటర్లు, హారను, బ్రేక్ లైటు, న్యూట్రల్ లైటు ఆ బ్యాటరీ మీద ఆధారపడి బతుకుతాయి.

ఈ విభజన తెలియకపోవడం వల్ల అయ్యే వృథా ఖర్చు ఇంతా అంతా కాదు. హెడ్‌లైటు డిమ్ముగా ఉందని కొత్త బ్యాటరీ కొనేవాళ్ళు ఉన్నారు. ఆ హెడ్‌లైటుకు బ్యాటరీతో సంబంధమే లేదు. ఇంజన్ ఆపితే హెడ్‌లైటు ఆరిపోయేది, ఐడిల్‌లో మసకబారేది అందుకే. కాయిల్ ఎంత వేగంగా తిరిగే అయస్కాంతాన్ని చూస్తే అంత కరెంటు పుట్టిస్తుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త టూ వీలర్లకు ఇంజన్ స్టార్ట్ కాగానే హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. అంతకు ముందు బండ్లలో హ్యాండిల్ మీద లైటు స్విచ్ ఉంటుంది. ఏళ్ళ తరబడి దుమ్ము, వాన నీళ్ళు తాగిన ఆ స్విచ్ కూడా అనుమానితుల జాబితాలో ఉండాల్సిందే.

కాబట్టి స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే ఒక పని చేయాలి. ఇంజన్ స్టార్ట్ చేసి ఒక్కో లైటూ, ఒక్కో స్విచ్చూ వేసి చూడాలి. హెడ్‌లైటు, టెయిల్ లైటు, మీటరు లైటు మూడూ ఒకేసారి పోతే మూడు బల్బులూ కలిసి మాడిపోయి ఉంటాయని ముందే అనుకోనక్కర్లేదు. ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న పసుపు వైరు, లైటు స్విచ్, కాయిల్ దగ్గర కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటు) చూడాలి. ఇండికేటర్లు, హారను, బ్రేక్ లైటు కలిసి పోతే ఫ్యూజు, బ్యాటరీ, ఇగ్నిషన్ కీ దగ్గరికి వెళ్ళాలి. హై బీమ్ వెలుగుతూ లో బీమ్ ఒక్కటే రాకపోతే కాయిల్ జోలికి పోయే అవసరమే లేదు. బల్బులో ఒక ఫిలమెంటో, హై, లో మార్చే డిప్పర్ స్విచ్చో, తెల్ల వైరో చెడి ఉంటుంది. ఏది వెలగడం లేదో ఎంత ముఖ్యమో, ఏది వెలుగుతోందో కూడా అంతే ముఖ్యం. వెలిగే ప్రతి లైటూ ఒక దారి బాగుందని చెప్తుంది.

వైర్ల రంగులు ఈ పనిలో పెద్ద సాయం. హోండా సంప్రదాయంలో ఆకుపచ్చ వైరు ఎర్త్ (కరెంటు తిరిగి పోయే దారి), ఎరుపు బ్యాటరీ పాజిటివ్, నలుపు కీ తిప్పాక వచ్చే కరెంటు. హెడ్‌లైటులో నీలం హై బీమ్, తెలుపు లో బీమ్. గోధుమరంగు టెయిల్ లైటుకు పోతుంది, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది బ్రేక్ లైటుకు. నారింజ ఎడమ ఇండికేటర్, లేత నీలం కుడి. బూడిదరంగు వైరు ఇండికేటర్లను కొట్టుకునేలా చేసే ఫ్లాషర్ నుంచి ఇండికేటర్ స్విచ్‌కి వెళ్తుంది. మధ్యలో ఎవరో చేతికి దొరికిన వైరుతో అతుకు వేసి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. రంగు మారిన ప్రతి అతుకునూ ముందు విప్పి చూడటం మంచిది, చాలా రోగాలకు పుట్టిల్లు అదే.

బ్యాటరీ విషయంలో ఈ బండ్లకు ఒక మాయ ఉంది. ఇగ్నిషన్‌కు కావాల్సిన కరెంటు వేరే కాయిల్ నుంచి నేరుగా వస్తుంది కాబట్టి బ్యాటరీ పూర్తిగా చచ్చినా బండి ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. దాంతో బ్యాటరీ పోయిన సంగతి నెలల తరబడి ఎవరికీ పట్టదు. రేజ్ చేస్తే ఇండికేటర్లు వెలగడం, ఐడిల్‌లో హారను గొంతు బొంగురుపోవడం, బ్రేక్ లైటు ఇంజన్ చప్పుడుతో పాటు అదరడం దాని గుర్తులు. అలాగే నడిపితే నష్టం ఇంకా పెరుగుతుంది. కాయిల్ నుంచి వచ్చే కరెంటులోని ఎగుడుదిగుళ్ళను మింగి సమానం చేసేది బ్యాటరీయే. అది లేనప్పుడు ఆ దెబ్బలన్నీ ఇండికేటర్ బల్బుల మీద, ఫ్లాషర్ మీద పడతాయి.

బ్యాటరీని కొలవడం తేలిక. రాత్రంతా బండి నిలిపి ఉంచాక మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల చుట్టుపక్కల ఉంటే ఛార్జ్ నిండుగా ఉన్నట్టు. 12 కన్నా కింద ఉంటే దాదాపు ఖాళీ. ఇంజన్ మధ్యస్థంగా రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్యకు రావాలి. పెరగకపోతే ఛార్జింగ్ దారిలో లోపం. 15 దాటితే రెక్టిఫైయర్‌లో వోల్టేజీని హద్దులో ఉంచే రెగ్యులేటర్ అదుపు తప్పినట్టు.

తిరిగి పోయే దారి

పాత బండి లైట్ల విషయంలో ఒక్క మాటే చెప్పాల్సి వస్తే అది ఎర్త్ గురించే చెప్పాలి. బల్బు దాకా వచ్చిన కరెంటు అక్కడితో ఆగదు. ఆకుపచ్చ వైరు గుండా చాసిస్‌కు (బండి ఇనుప ఫ్రేముకు), అక్కడి నుంచి పుట్టిన చోటికి తిరిగి చేరాలి. వచ్చే దారిని అందరూ వెతుకుతారు, పోయే దారిని దాదాపు ఎవరూ వెతకరు. ఆ దారిలో ఎక్కువగా ఉండేవి ఒక బోల్టు, దాని కింద ఒక రింగు, ఆ రింగులో నొక్కిన తీగ. ఆ బోల్టు కింద తుప్పు చేరితే, రింగుకూ తీగకూ మధ్య చిలుము పడితే కరెంటు కొంత పోతుంది, కొంత ఆగుతుంది. పూర్తిగా తెగిపోదు కాబట్టి లైటు ఆరిపోదు, గుడ్డిగా వెలుగుతుంది. అందుకే బల్బు మీద అనుమానం వస్తుంది.

ఎంత అడ్డు ఉంటే ఎంత వెలుతురు పోతుందో లెక్క వేసి చూడొచ్చు. 35 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 2.9 ఆంపియర్లు లాగుతుంది. వేడెక్కిన ఫిలమెంటు నిరోధం 4 ఓమ్‌ల పైచిలుకు. దారిలో అర ఓమ్ అడ్డు పడిందనుకుందాం. బల్బుకు చేరేది 10.7 వోల్టులే. పోయింది పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బు వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకు సుమారు మూడు రెట్లు వేగంగా పడిపోతుంది. 10.7 వోల్టుల దగ్గర దాదాపు మూడో వంతు వెలుతురు పోతుంది. అడ్డు ఒక ఓమ్ అయితే సగానికి పైగా పోతుంది. పాతికేళ్ళ నాటి ఐదారు జాయింట్లలో తలా పిసరంత చిలుము చేరితే ఒక ఓమ్ కూడటం పెద్ద విషయమే కాదు.

ఆ చిలుము ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. హెడ్‌లైటు గిన్నె, అంటే డూమ్, విప్పితే లోపల వైర్ల గుత్తి, కప్లర్లు ఉంటాయి. కప్లర్ లాగి పిన్ను వైపు టార్చ్ వేస్తే ఇత్తడి రంగు ఉండాల్సిన చోట పాచిపట్టినట్టు ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. కొన్నిసార్లు ప్లాస్టిక్ ఒక పక్క గోధుమరంగుకు తిరిగి, కాస్త కరిగి ఉంటుంది. అడ్డు పడ్డ కరెంటు అక్కడే వేడిగా మారిందని అదే చెబుతోంది. వైరు చివర తొడుగు ఒక అంగుళం ఒలిస్తే లోపలి రాగి తీగలు ఎర్రగా మెరవవు, నల్లగా మసిబారి ఉంటాయి. అలాంటి తీగకు కొత్త పిన్ను కొట్టినా, టంకం పెట్టినా పట్టదు. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కత్తిరించాల్సిందే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ చిలుము త్వరగా పడుతుంది. ప్రెషర్ పంపుతో బండి కడిగించే అలవాటు ఉంటే ఏ ఊరైనా అంతే.

బండికి కొత్త పెయింట్ కొట్టించాక లైట్లు డల్ అవడం, ఇండికేటర్లు పిచ్చిగా వెలగడం చాలామంది చూసే ఉంటారు. ఇందులో మిస్టరీ లేదు. ఎర్త్ బోల్టు కూర్చునే చోట కూడా రంగు పడింది. రంగు కరెంటును ఆపుతుంది. బోల్టు విప్పి, దాని కింద రూపాయి బిళ్ళంత మేర ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీసి, రింగు శుభ్రం చేసి బిగిస్తే సరిపోతుంది. పైన కాస్త గ్రీజో, పెట్రోలియం జెల్లీయో పూస్తే మళ్ళీ త్వరగా తుప్పు పట్టదు.

ఎర్త్ బాగుందో లేదో కొలవడానికి వైరు తెగిందా లేదా అని బీప్ చూసుకుంటే చాలదు. లైటు వెలుగుతున్నప్పుడే కొలవాలి. ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైటు వేసి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొన బల్బు హోల్డరు ఆకుపచ్చ వైరు దగ్గర, ఇంకోటి ఇంజన్ బాడీ మీద శుభ్రమైన లోహానికి ఆనించాలి. సున్నాకు దగ్గరగా చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే అంత వోల్టేజీ ఆ దారిలోనే వృథా అవుతోంది. హెడ్‌లైటు దగ్గర మీటరుని డీసీ మీద పెట్టి కొలిచి, కరెంటే రావడం లేదని కాయిల్ మార్పించేవాళ్ళు ఉన్నారు. ఏసీ దారిలో ఏసీ, బ్యాటరీ దారిలో డీసీ అన్నది మరిచిపోకూడదు.

మల్టీమీటర్‌ని గుడ్డిగా నమ్మకూడదు కూడా. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలిన వైరులోనూ అది నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, దానికి ఒక్క పోగు చాలు. బల్బు తగిలించగానే ఆ 12 కాస్తా పడిపోవచ్చు. అందుకే పాత మెకానిక్‌ల టెస్ట్ లైటుకు విలువ. ఒక ఇండికేటర్ బల్బు, దానికి రెండు వైర్లు, అంతే. అనుమానం ఉన్న చోట తగిలిస్తే ఆ దారికి బరువు మోసే సత్తా ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది. మీటరు చెప్పే అంకె కన్నా ఈ పని దగ్గర ఆ బల్బు వెలుతురే నమ్మదగిన సాక్ష్యం.

ఎర్త్ పోయినప్పుడు కనిపించే వింతలు కూడా తెలుసుకోవాలి. టెయిల్ లైటు బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి టెయిల్‌కు, ఒకటి బ్రేక్‌కు. రెండింటికీ ఎర్త్ ఒకటే. అది తెగితే బ్రేక్ నొక్కినప్పుడు వచ్చిన కరెంటు రెండో ఫిలమెంటు గుండా ఎదురు వెళ్ళి, టెయిల్ వైరు పట్టుకుని, మీటరు లైటులోంచో హెడ్‌లైటులోంచో దారి వెతుక్కుంటుంది. బ్రేక్ వేస్తే మీటరు లైటు మిణుకుమనడం, కుడి ఇండికేటర్ వేస్తే ఎడమది కూడా సన్నగా కొట్టుకోవడం ఇలాంటివే. సంబంధం లేని రెండు లైట్లు ఒకదానికొకటి సైగలు చేసుకుంటున్నాయంటే ముందు ఆకుపచ్చ వైరునే పట్టుకోవాలి.

ఇండికేటర్ల విషయం దీనికన్నా తేలిక. ఒక వైపు మాత్రమే తేడాగా కొట్టుకుంటే ఆ వైపు ఒక బల్బు పోయిందో, తక్కువ వాట్ల బల్బు వేశారో, హోల్డరులో తుప్పు పట్టిందో అయి ఉంటుంది. రెండు వైపులా ఒకేలా మొరాయిస్తే ఫ్లాషర్‌ని, బ్యాటరీని చూడాలి. వెలిగి అలాగే ఉండిపోతే పాత రకం ఫ్లాషర్‌కు చాలినంత కరెంటు అందడం లేదు. ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేశాక కొట్టుకోకపోవడానికి కారణం ఇదే, వాటికి సరిపోయే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ పెట్టుకోవాలి.

ఫ్యూజు పదేపదే కొట్టేస్తుంటే

ఇది అన్నిటికన్నా విసిగించే రోగం. ఫ్యూజు వేస్తారు, నాలుగు కిలోమీటర్లు పోతుంది, మళ్ళీ కొట్టేస్తుంది. విసుగొచ్చి సిగరెట్ ప్యాకెట్ రేకో, రాగి తీగో చుట్టి పెడతారు. దయచేసి ఆ పని చేయకూడదు. ఫ్యూజు తెగకపోతే ఆ వేడి వైరింగ్‌లోకే పోతుంది, ఆ వైరింగ్ పోయేది పెట్రోలు ట్యాంకు కిందనుంచే.

ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బు తగిలించడం దీనికి చక్కటి ఉపాయం. ఎక్కడైనా వైరు ఒరిసి చాసిస్‌కు తగులుతుంటే ఆ బల్బు పూర్తిగా వెలుగుతుంది, ఇంకేదీ కాలిపోదు. ఇక వెలుగుతున్న బల్బును చూస్తూ ఒక్కో కప్లర్ విప్పుకుంటూ పోవాలి. ఏది విప్పగానే బల్బు ఆరిందో షార్ట్ ఆ కొమ్మలో ఉంది. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే షార్ట్ అయితే హ్యాండిల్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాలి, సీటు మీద మనిషిని కూర్చోబెట్టాలి, వైర్ల గుత్తిని చేత్తో కదపాలి. స్టీరింగ్ మెడ దగ్గర వైర్లు వంగే చోట, సీటు కింద వెనక మడ్‌గార్డు అంచున, క్యారియర్ బోల్టు పక్కన తొడుగు ఒరిసిపోయి ఉంటుంది. ఫ్యూజు కాపాడేది బ్యాటరీ దారిని మాత్రమే అన్నది గుర్తుంచుకోవాలి. ఈ బండిలో హెడ్‌లైటు ఏసీ దారికి ఫ్యూజు లేదు, అక్కడ షార్ట్ అయితే మూడు లైట్లూ ఆరిపోతాయి.

దీనికి వ్యతిరేకమైన రోగం బల్బులు వరసగా మాడిపోవడం. స్పీడు అందుకున్నప్పుడల్లా హెడ్‌లైటు మరీ తెల్లగా వెలిగి మాడిపోతుంటే రెగ్యులేటర్ పనిచేయడం లేదు. కొత్తది కొనేముందు దాని ఆకుపచ్చ వైరు గట్టిగా ఉందో లేదో చూడాలి. ఎక్కువైన కరెంటును అది ఎర్త్‌లోకే మళ్ళిస్తుంది, ఎర్త్ లేకపోతే కొత్త రెగ్యులేటర్ కూడా చేతులెత్తేస్తుంది. వోల్టేజీ 5 శాతం పెరిగితే ఫిలమెంటు బల్బు ఆయుష్షు సగమవుతుంది. రెగ్యులేటర్ లేని పాత స్కూటర్లలో అయితే బల్బుల బరువే వోల్టేజీని అదుపులో ఉంచేది. అందుకే వాటిలో ఒక బల్బు పోతే వెంటనే రెండోది కూడా పోతుంది, వాట్లు తేడా వచ్చినా అదే గతి.

వెలుతురు చాలడం లేదని 60 వాట్లదో, 100 వాట్లదో హాలోజెన్ బల్బు వేయడం ఈ బండికి మేలు చేయదు. కాయిల్ ఇవ్వగలిగినంతే ఇస్తుంది. పెద్ద బల్బు తగిలిస్తే వోల్టేజీ పడిపోయి ఉన్న వెలుతురు కూడా తగ్గుతుంది, హోల్డరు కరిగే ప్రమాదమూ ఉంది. హెడ్‌లైటును బ్యాటరీకి మార్చేసే పద్ధతి కూడా ఉంది. ఈ బండి బ్యాటరీ 2.5 ఆంపియర్ అవర్లదే, హెడ్‌లైటు లాగేది 2.9 ఆంపియర్లు. ఛార్జింగ్‌ను కూడా పెంచకుండా ఆ పని చేస్తే గంట కూడా నిలవదు. తక్కువ వాట్ల మంచి ఎల్‌ఈడీ వేసుకోవచ్చు, కానీ అది ఏసీ మీద పనిచేసేదో కాదో చూసి తీసుకోవాలి. డీసీ కోసం చేసింది ఏసీ మీద అదురుతుంది, ఎక్కువ కాలం బతకదు. చాలాసార్లు ఇవేవీ అవసరం పడవు. బల్బు దగ్గర వోల్టేజీ సరిగ్గా ఉండి కూడా రోడ్డు కనిపించకపోతే డూమ్ లోపలి రిఫ్లెక్టర్‌ని చూడాలి. మెరిసే పూత రాలి, మబ్బు పట్టినట్టు ఉంటే ఏ బల్బు వేసినా ఫలితం లేదు, మార్చాల్సింది ఆ గిన్నెనే.

బ్రేక్ లైటుకు రెండు స్విచ్‌లు ఉంటాయి, ముందు బ్రేక్ లివరు దగ్గర ఒకటి, వెనక పెడల్ దగ్గర స్ప్రింగుతో లాగేది ఒకటి. ఒకదానితో వెలిగి రెండోదానితో వెలగకపోతే బల్బు, ఎర్త్ రెండూ బాగున్నట్టే, తప్పు ఆ స్విచ్‌దే. పెడల్ దగ్గరిది చాలావరకు స్ప్రింగు సాగడం వల్లో, సర్దుబాటు నట్టు జారడం వల్లో తప్పుతుంది. అది ఎప్పుడూ లాగి ఉంటే బ్రేక్ లైటు ఆరకుండా వెలుగుతూ బ్యాటరీని తినేస్తుంది. నడిపేవాళ్ళకు కనిపించని లైటు ఇది. సాయంత్రం మసక చీకట్లో బండి వెనక భాగాన్ని ఇంటి గోడకు దగ్గరగా పెట్టి, కీ వేసి, ముందు బ్రేకు ఒకసారి, వెనక బ్రేకు ఒకసారి నొక్కి, గోడ మీద ఎరుపు రెండుసార్లూ ఒకేలా పడుతోందో లేదో అద్దంలో చూసుకోవచ్చు.